ఐపాడ్ లోపలి హైదరాబాదు

మాదాపూర్ చరిత్రను 1998 నవంబరులో జరిగిన సైబర్ టవర్స్ ప్రారంభోత్సవంతో మొదలుపెట్టడం ఒక ఆనవాయితీ. భవనాల చరిత్రకు అది చాలు. ఆ కాలపు హైదరాబాదులో తయారైన పనితనం ఎక్కడెక్కడికి చేరిందన్నది నాకు అంతకంటె ఆసక్తికరమైన విషయం. దానికి ఐపాడ్ మంచి ఉదాహరణ.

2001 అక్టోబరులో ఆపిల్ ఐపాడ్‌ను ప్రకటించింది. దాని చిప్పునూ, దాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేరునూ సమకూర్చినది పోర్టల్‌ప్లేయర్ అనే చిన్న సంస్థ. అది 1999లో కాలిఫోర్నియాలో పుట్టింది. మన దేశంలో దాని కేంద్రం హైదరాబాదు. అమెరికాలో 200 మందీ, ఇక్కడ 80 మంది ఇంజనీర్లూ ఎనిమిది నెలలపాటు ఐపాడ్ పని ఒక్కటే చేశారని 2004లో వైర్డ్ పత్రిక రాసింది. స్విచ్చి ఆపి ఉంచినా మూడు గంటల్లో బ్యాటరీ ఖాళీ అయిపోయే దశ ఒకటి వచ్చిందట! అప్పటికే ఉత్పత్తికి సర్వం సిద్ధమైంది కూడా.

చివరికి 10 గంటలు పాడే యంత్రం వచ్చింది. అందులోని ఉపాయం మెచ్చుకోదగ్గది. 5 జీబీల చిన్న హార్డ్ డిస్కు నిరంతరం తిరిగితే బ్యాటరీ నిలవదు. అందుకని రాబోయే పాటలను 32 ఎంబీల మెమరీలోకి ముందే తోడిపెట్టి, డిస్కును నిద్రపుచ్చుతారు. దాదాపు 20 నిమిషాలు కుదుపులకు పాట తెగదు. మన రోడ్లకు ఇంతకంటె ఏం కావాలి?

లోపాలకూ కొదవ లేదు. 1979 నాటి వాక్‌మన్‌లో రెండు పెన్సిల్ సెల్లు మార్చుకొంటే సరిపోయేది. ఇద్దరు కలిసి వినడానికి రెండు రంధ్రాలు ఉండేవి. ఐపాడ్‌కు ఉన్నది ఒకటే రంధ్రం. బ్యాటరీ వాడుకరి చేతికి అందదు. రేడియో లేదు.

నన్ను ఎక్కువగా బాధించేది లిపి. తొలి ఐపాడ్ మెనూలు ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, జపనీస్ భాషల్లో ఉండేవి. ఘంటసాల పాట పేరునైనా రోమన్ లిపిలోనే రాసుకోవాలి. ఎంపీ3 ఫైలులో పాట పేరుకు 1996 నాటి పద్ధతి ఇచ్చిన చోటు 30 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తింటుంది. గుణింతాలూ వత్తులూ కలుపుకొని పది సంకేతాలకే స్థలం సరి. అయితే నెపమంతా ఫైలు మీదకు నెట్టలేము. 1998 నాటి సవరణలో యూనికోడ్‌కు చోటు దొరికింది. తెరకే తెలుగు రాలేదు.

2006లో కొత్త నానోకు పోర్టల్‌ప్లేయర్ చిప్పును ఆపిల్ వద్దన్నది. మరుసటి ఏడాది ఆ సంస్థను ఎన్‌విడియా కొనేసింది. ఐపాడ్ టచ్ కాలానికి తెలుగు తెరకెక్కింది. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ను కంటికి కనిపించని ఒక సంకేతంతో విడదీసి పంపితే ఆపిల్ పరికరాల్లో అప్లికేషన్లు కుప్పకూలాయి. ఆ నెల 19న సవరణ విడుదలైంది. ఐపాడ్ అన్న పేరు 2022 మే నెలతో ముగిసింది.