చెన్నపురి ఆయుర్వేదచరిత్ర – అర్ధశక్తి వ్యాయామము

ఆయుర్వేదమనగనే మన యిండ్లలో మొదట స్ఫురించునది మందుసీసా. కె. ఎన్. కేసరిగారి లోధ్ర పేరు వినని తెలుగుకుటుంబము చెన్నపురిలో ఒకప్పుడు అరుదు. కాని ఆ శాస్త్రమున మందుకన్న ముందు వచ్చునది దినచర్య. అందు వ్యాయామమునకు ప్రాచీనులు విధించిన హద్దును, ఆ విద్యను ఈ నగరమున నిలిపిన మనవారిని స్మరించుట మన విధియని తలంచుచున్నాము.

వాగ్భటుడు అష్టాంగహృదయ సూత్రస్థానమున రెండవ అధ్యాయమును దినచర్యకు కేటాయించెను. వ్యాయామమువలన శరీరము తేలికయగును, పనిచేయు సామర్థ్యము కలుగును, జఠరాగ్ని దీపించును, కొవ్వు తరుగును. అయినను, బలవంతుడును నేయి మొదలగు స్నిగ్ధాహారము భుజించువాడును సైతము శీతకాలమునను వసంతమునను తన బలములో సగమే వినియోగింపవలెను. తక్కిన ఋతువులలో అంతకన్న తక్కువ. ఆ సగమును గుర్తించు టెట్లు? నోటితో ఊపిరి తీయవలసివచ్చుటే అర్ధబలమునకు చిహ్నమని సుశ్రుతసంహిత తెలుపును. మితిమీరినచో దప్పిక, ఆయాసము, దగ్గు, జ్వరము కలుగునట. ఏనుగును లాగబోయి నశించు సింహమును వాగ్భటుడు దృష్టాంతముగా చూపెను.

ఇట్టి గ్రంథములు ఈ నగరమున పాఠ్యములై నిలుచుటకు తెలుగువారి కృషి మిక్కిలి తోడ్పడినది. మచిలీపట్టణమున 1872లో జన్మించిన పండిత డి. గోపాలాచార్యులుగారు ఇచ్చట ఆయుర్వేదాశ్రమమును నడపి, శిష్యులకు విద్య గరపి, 1920లో కీర్తిశేషులైరి. ఆచంట లక్ష్మీపతిగారు (1880–1962) పాశ్చాత్యవైద్యమున పట్టభద్రులయ్యును వారియొద్ద ఆయుర్వేద మభ్యసించి, ‘ఆయుర్వేదశిక్ష’ అను గ్రంథమాలను వెలయించిరి. ఎగ్మూరులోని రుక్మిణీ లక్ష్మీపతి సాలై వీరి ధర్మపత్ని పేరు ధరించినదే. పానుగంటి రాజా రామరాయణింగారు ప్రధానమంత్రిగా నున్న కాలముననే దేశీయవైద్యమును పరిశీలించిన ఉస్మాన్ సంఘము 1923లో నివేదిక సమర్పించెను. 1925లో ప్రభుత్వ దేశీయవైద్య పాఠశాల వెలసెను. నేటి కీళ్పాక్ వైద్యకళాశాలకు మూలమదియే.

ప్రాచీనులు చెప్పినదంతయు నేడు యథాతథముగ చెల్లునని మేమనము. బాలురును వృద్ధులును వ్యాయామమును మానవలెనని వాగ్భటుని మాట. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో వెలువరించిన సూచనలు అట్లు చెప్పవు: వయోజనులకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమ వ్యాయామము, బాలురకు దినమునకు సగటున 60 నిమిషములు, వృద్ధులకు తూలిపడకుండ కాపాడు అభ్యాసములు వారమున మూడు దినములైనను అవసరమనును. మితమును పాటించుచు క్రమము తప్పరాదను మూలసూత్రమున మాత్రము ఉభయులకును భేదము లేదు.

మన కుటుంబములలో నేడు రెండు లోపములు కనబడుచున్నవి. పెద్దలు కుర్చీ విడువరు. యువకులు కొందరు వారమెల్ల కదలక, ఆదివారమొక్కనాడు ఒడలెరుగక శ్రమింతురు. మొదటివారికి శక్తిలో సగమైనను వినియోగము లేదు. రెండవవారికి సగమను ఎరుకయే లేదు. చెన్నపురి ఎండలలో, అందును వైశాఖ జ్యేష్ఠములలో, ఈ హద్దు మరింత గమనింపదగినది. చల్లని వేళ మెరీనా తీరమున గాని, పానగల్ పార్కున గాని నిత్యము అరగంట నడచుటకు సొమ్మక్కరలేదు. గుండెజబ్బు మున్నగునవి గలవారు వైద్యుని అడిగి ఆరంభింతురుగాక. పూర్వులు తెచ్చిన విద్యను సీసాలలోనే దాచుకొనక, ఆచరణలో పెట్టి పిల్లలకు చూపుట మన చేతిలోని పని.