రాజమండ్రి పెళ్ళి – 3వ సెక్షను

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం జరిపించిన వితంతు వివాహాన్ని మనమంతా చదువుకున్నాం. దానికి ఆధారమైన 1856 చట్టాన్ని చదివినవారు తక్కువ.

మారు పెళ్ళాడితే మొదటి భర్త ఆస్తిపై స్త్రీకున్న హక్కు, ఆమె మరణించినట్టే, పోతుందన్నది 2వ సెక్షను. 3వది మరీ క్రూరం. భర్త వీలునామాలో సంరక్షకుల్ని పేర్కొనకపోతే, అతని తల్లిదండ్రులో మగ బంధువులో కోర్టుకెక్కి పిల్లలకు వేరే సంరక్షకుణ్ణి వేయమనవచ్చు. రాజమండ్రి వధువు బాల వితంతువు. ఆమెకీ బాధ లేదు. బిడ్డల తల్లి మాటేమిటి? మనువు కావాలంటే బిడ్డను పందెం ఒడ్డాలి!

1852 నాటి ధవళేశ్వరం ఆనకట్టతో మాగాణి విలువ పెరిగిన సీమ ఇది. వారసుణ్ణి చేజారనివ్వని భూస్వామ్య తర్కమే ఆ సెక్షనులో నాకు కనిపిస్తుంది. 1956 సంరక్షణ చట్టం తల్లి మారుమనువును అనర్హతగా చెప్పలేదు. పాత చట్టం మాత్రం 1983లో గాని రద్దు కాలేదు.