అన్వేషణ పద్ధతిలో గణిత బోధన

సిద్ధాంతాలను, వాటి నిరూపణలను అధ్యాపకుడే బోర్డు మీద రాసి చెప్పకుండా, విద్యార్థులు తమంతట తాము కనుక్కునేలా నడిపించే విశ్వవిద్యాలయ స్థాయి బోధనా విధానం. అవిచ్ఛిన్న ప్రమేయాలన్నీ అవకలనీయాలేనా అని అడిగితే, విద్యార్థి పరమమూల్య ప్రమేయానికి గ్రాఫు గీస్తాడు. సున్న దగ్గర మొన తేలడం చూసి, కాదని తానే తేల్చుకుంటాడు.

మూర్ పద్ధతి

రాబర్ట్ లీ మూర్ (1882–1974) 1911 నుంచి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో, 1920 నుంచి టెక్సాస్‌లో ఇలాంటి తరగతులు నడిపారు. స్వీకృతాలు, నిర్వచనాలు, సిద్ధాంతాలు మాత్రం ఇచ్చేవారు. నిరూపణ కోసం పుస్తకాలు తిరగేయకూడదు, ఒకరినొకరు అడగకూడదు. వెనకబడినవారినే ముందుగా బోర్డు దగ్గరికి పిలిచేవారు. ఒకరు నిరూపిస్తుంటే తక్కినవారు తప్పులు పట్టేవారు. ఆయన దగ్గర 50 మంది డాక్టరేట్ పొందారు. అయితే నల్లజాతి విద్యార్థులను ఆయన తన తరగతికి రానివ్వలేదు. ఈ పద్ధతి చరిత్రలో అది మాయని మచ్చ.

పోట్స్‌డామ్ నమూనా

అన్వేషణకు ప్రోత్సాహం ఎంత అవసరమో చూపినవారు నల్లజాతి గణితవేత్త క్లారెన్స్ స్టీఫెన్స్ (1917–2018). 1943లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొంది, 1947 నుంచి 1962 వరకు మోర్గాన్ స్టేట్ కళాశాలలో పనిచేశారు. మూర్ బోధన విరమించిన 1969లోనే న్యూయార్క్ రాష్ట్రంలోని పోట్స్‌డామ్ కళాశాలలో గణిత శాఖాధిపతి అయ్యారు. తగిన వాతావరణం ఉంటే గణితం అందరికీ పట్టుబడుతుందని ఆయన గట్టిగా నమ్మారు. సిలబస్ పూర్తిచేయాలన్న తొందర పెట్టుకోకుండా, విద్యార్థికి తెలిసిన చోటి నుంచే పాఠం మొదలుపెట్టించారు. 1985లో అక్కడ 184 మంది గణితంలో పట్టభద్రులయ్యారు. ఆ ఏడాది కళాశాల ఇచ్చిన పట్టాల్లో ఇది దాదాపు నాలుగో వంతు.

భారతదేశంలో

1993లో ఎస్. కుమరేశన్ ఎం.టి.టి.ఎస్. (గణిత శిక్షణ, ప్రతిభాన్వేషణ) పేరుతో వేసవి శిబిరాలు ప్రారంభించారు. తర్వాత ఆయన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. జాతీయ ఉన్నత గణిత మండలి తోడ్పాటుతో సాగిన ఈ నాలుగు వారాల శిబిరాల్లో ఉపన్యాసాల కంటే ప్రశ్నలకే పెద్దపీట. నిర్వచనం వినగానే దానికి సరిపడే ఉదాహరణలు, సరిపడనివి విద్యార్థులే వెతకాలి. పరీక్షల కోసం నిరూపణలు బట్టీపట్టడానికి అలవాటుపడిన డిగ్రీ విద్యార్థులకు ఇది కొత్త దారి చూపింది.

ప్రాముఖ్యం

ఈ పద్ధతికి సమయం ఎక్కువ పడుతుంది. పాఠ్యాంశాలు కొన్ని తగ్గించుకోక తప్పదు. అయినా గణితం కొద్దిమంది మేధావుల సొత్తన్న అపోహను పోట్స్‌డామ్ అనుభవం చెరిపేసింది. విద్యార్థి సామర్థ్యం మీద అధ్యాపకుడికి నమ్మకం ఉండాలన్నదే ఈ చరిత్ర నేర్పే ప్రధాన పాఠం.