అన్నమును స్థౌల్యమును

పులికాటు సరస్సు నానుకొనియున్న సూళ్లూరుపేట, తడ ప్రాంతములలో భోజనమనగా వరియన్నము, చేపల పులుసు. పడమట చిత్తూరు మెట్టసీమలో రాగిసంగటి చిరకాలము ప్రధానాహారమై యుండెను. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో బియ్యము రెండు రూపాయల కిచ్చుట మొదలిడిన పిమ్మట వరియన్నము పేదల కంచమునకును దగ్గరయ్యెను. ఆకలి దీర్చిన యా మేలు మరువరానిది. కాని కాయకష్టము తగ్గిన యిండ్లలో అన్నపు రాశి తగ్గలేదు. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి సర్వేక్షణము దేశమున వయోజనులలో 11.4 శాతము మధుమేహులని తేల్చినది.

ఈ చింత క్రొత్తది కాదు. చరకసంహిత అతిస్థూలుని నిందితులగు ఎనమండ్రలో జేర్చి, యవలు, శ్యామాకములు, కొర్రలు, పెసలు, ఉలవలు పథ్యముగా విధించినది. సుశ్రుతసంహిత నిర్ధనుడైన ప్రమేహిని నూరు యోజనములు నడువుమన్నది. ఐరోపాలో 1797లో జాన్ రోలో యను సైనికవైద్యుడు మధుమేహికి మాంసప్రధానమగు పథ్యము పెట్టిన వృత్తాంతమును ప్రచురించెను. 1863లో లండను వాసి విలియం బాంటింగు రొట్టె, చక్కెర, బంగాళాదుంపలు మాని తాను చిక్కిన విధమును చిన్న పుస్తకముగా వెలువరించెను. తెలుగునాట 2017, 2018 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణగారు పిండి మిగుల తగ్గించి క్రొవ్వు హెచ్చించు పథ్యమును ప్రచారము చేయగా జనులు విరివిగా నవలంబించిరి. వైద్యులు పలువు రాక్షేపించిరి.

ఇందు సత్యమెంత? అన్నములోని పిండి జీర్ణమై చక్కెరగా రక్తమున జేరును. వ్యయము కాని భాగము క్రొవ్వగును. కావున పిండి తగ్గించిన మధుమేహికి రక్తమున చక్కెర తగ్గుట సహజమే. అయినను 2018లో ప్రకటితమైన స్టాన్‌ఫర్డు పరీక్షలో 609 మందిని ఏడాది గమనింపగా, పిండి తగ్గించినవారు సుమారు 6 కిలోలును, క్రొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలును తగ్గిరి. ఆ భేదము లెక్కింపదగినది కాదు. కడవరకు పాటింపగలిగినదే మేలైన పథ్యమని దీనివలన దోచుచున్నది.

సంగటియు పిండియే; ముద్ద పెద్దదైన ఫలము లేదు. అన్నము సగము చేసి, పప్పు, చేప, ఆకుకూర హెచ్చించుట మన యింటికి సాధ్యమగు మార్గము. ఇన్సులిన్, మాత్రలు వాడువారు మాత్రము వైద్యు నడుగక అన్నము మానిన చక్కెర పడిపోయి ప్రాణాపాయము గలుగవచ్చును.

మరియొక్క మాట. యజమానికి పథ్యమని చేప, గ్రుడ్డు వడ్డించి, మిగిలిన యన్నమును పచ్చడితో ఇల్లాలు తినుట పలు గృహములలో నాచారమైనది. స్థౌల్యము, మధుమేహము ఆమెను విడిచిపెట్టవు. పథ్యము కంచమునకు గాదు, కుటుంబమునకు గావలెను.