ఆలుమగలకు తీరిక కరువైతే: కుటుంబ న్యాయస్థానం కథ

దక్షిణ ఢిల్లీలో సాకేత్ అనే పేట ఒకటి ఉంది. సాకేతమంటే అయోధ్యకు మరో పేరని మీకు తెలుసు కదా! మన దేశంలో మొదటి మల్టీప్లెక్స్ సినిమాహాలు 1997లో ఈ పేటలోనే మొదలైంది. ఆ తరువాత పెద్ద పెద్ద మాల్‌లు వచ్చాయి. వాటికి దగ్గర్లోనే 2010 ఆగస్టులో జిల్లా న్యాయస్థానాల సముదాయాన్ని ప్రారంభించారు. కుటుంబ న్యాయస్థానాలు కూడా ఇందులోనే ఉన్నాయి. మాల్‌కు జంటగా వచ్చేవారినీ, కోర్టుకు వేరువేరుగా వచ్చేవారినీ ఇక్కడ ఒకే రోజున చూడవచ్చు.

కుటుంబ న్యాయస్థానానికి వచ్చేవారి కష్టాలు ఒక రకమైనవి కావు. కట్నం కోసం వేధింపులు, దెబ్బలు, మోసం వంటి కారణాలతో వచ్చేవారు ఉంటారు. ఇవేవీ లేకుండానే దూరమైన వారూ ఉంటారు. "ఆయన చెడ్డవాడు కాదండీ, కాని మేము మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో!" అనే మాట మీరు మీ బంధువుల ఇళ్లలో కూడా విని ఉంటారు. ఇద్దరికీ ఉద్యోగాలు, పిల్లల చదువులు, పెద్దల మందులు, రోజూ బస్సులోనో రైల్లోనో గడిచిపోయే గంటలు. వీటి మధ్య ప్రేమ, కోరిక, చనువు ఒక్కొక్కటే తగ్గుతూ వస్తాయి. ఎప్పుడు తగ్గాయో ఇద్దరికీ తెలియదు.

ఇది ఎందుకు జరుగుతుంది? సమాజం దీనికి ఏ దారి చూపింది? ఈ దారి వేసినవారిలో ఒక తెలుగు మహిళ ఉన్నారని మీకు తెలుసా?

పాత సంగతే

భార్యాభర్తల మధ్య ప్రేమ సన్నగిల్లడం మన కాలంలో పుట్టిన జబ్బు అనుకుంటే పొరపాటు. శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే "గాథాసప్తశతి" ప్రాకృత భాషలోని చిన్న చిన్న గాథల సంకలనం. అందులో రాజుల యుద్ధాలకన్నా పల్లెల్లోని ఆలుమగల ముచ్చట్లే ఎక్కువ. దూరదేశం వెళ్లిన భర్త కోసం ఎదురుచూపులు, అలకలు, అనుమానాలు అన్నీ అందులో కనిపిస్తాయి. ఎడబాటు వల్లనే కాక, ఎప్పుడూ ఎదురెదురుగా ఉండటం వల్ల కూడా వలపు చల్లారుతుందని ఆ కవులు గమనించారు. దక్కనులో ఇన్ని శతాబ్దాల కిందటి మనుషులు గుర్తించిన ఈ విషయాన్ని నేటి శాస్త్రవేత్తలు ప్రయోగాలతో పరిశీలిస్తున్నారు.

మెదడు ఏమంటుంది?

మీ ఇంటి పక్కనే రైలుమార్గం ఉందనుకోండి. కొత్తలో ప్రతి రైలు చప్పుడుకూ మెలకువ వస్తుంది. నెల తిరిగేసరికి రైలు పోయిన సంగతే తెలియదు. మార్పు లేకుండా మళ్లీ మళ్లీ ఎదురయ్యే దానికి మెదడు స్పందించడం తగ్గించుకుంటుంది. దీనినే అలవాటు పడటం అంటాము. ఈ గుణం లేకపోతే మనం బతకలేము, ఎందుకంటే అప్పుడు ప్రతి చిన్న చప్పుడూ మన దృష్టిని లాగేస్తుంది. కాని ఇదే గుణం ఇంట్లో మనిషి విషయంలోనూ పని చేస్తుంది. రోజూ కనిపించే ముఖాన్ని కళ్లు చూస్తాయి, మెదడు మాత్రం పట్టించుకోదు.

అమెరికాలో హెలెన్ ఫిషర్, ఆర్థర్ ఆరన్, లూసీ బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. కొత్తగా ప్రేమలో పడిన 17 మందికి తమ ప్రియమైన వ్యక్తి ఫొటో చూపిస్తూ ఎం.ఆర్.ఐ. యంత్రంతో మెదడును పరిశీలించారు. డోపమైన్ అనే రసాయనాన్ని పుట్టించే కణాలున్న ఒక మధ్య భాగం చురుకుగా కనిపించింది. మనకు కావలసిన దాని వైపు మనల్ని నడిపించే వ్యవస్థ అది. ఆ తరువాత బియాంకా అసెవెడో బృందం సగటున 21 ఏళ్లు కాపురం చేసి, ఇంకా గాఢంగా ప్రేమిస్తున్నామని చెప్పిన 17 మందిని ఇదే పద్ధతిలో పరిశీలించింది. వారిలోనూ అదే భాగం చురుకుగా ఉంది! పరిశీలించింది కొద్దిమందినే అయినా, కాలం గడిచినంత మాత్రాన ఆకర్షణ అందరిలోనూ ఆరిపోదని దీనివల్ల తెలుస్తోంది.

మన దేశంలో కూడా ఒక పరిశీలన జరిగింది. ఉషా గుప్తా, పుష్పా సింగ్ అనే పరిశోధకులు జైపూర్‌లో 50 జంటలను ప్రశ్నించి 1982లో ఫలితాలు ప్రచురించారు. ప్రేమించి పెళ్లి చేసుకున్నవారిలో ప్రేమ మొదట ఎక్కువగా ఉండి, కాపురం వయసు పెరిగేకొద్దీ తక్కువగా కనిపించింది. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో మొదట తక్కువగా ఉండి క్రమంగా ఎక్కువగా కనిపించింది. 50 జంటలను చూసి దేశమంతటికీ తీర్పు చెప్పలేము. అయినా ఒక సంగతి గుర్తుంచుకోదగినది. ప్రేమ పెళ్లినాడు చేతికి వచ్చి అక్కడి నుండి తరుగుతూ పోయే సొమ్ము కాదు. అది పెరగనూ గలదు.

మరి పెరగడానికి ఏం కావాలి? ఆర్థర్ ఆరన్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగం సరదాగా ఉంటుంది. కొన్ని జంటల మణికట్లను, చీలమండలను కలిపి కట్టి, ఒక దిండును చేతులతో పట్టుకోకుండా తమ ఇద్దరి శరీరాల మధ్య నొక్కి ఉంచి, చాపల మీద అడ్డంకిని దాటమన్నారు. మరికొన్ని జంటలకు విసుగు పుట్టించే మామూలు పని ఇచ్చారు. పట్టిన సమయం ఏడు నిమిషాలే. కొత్త పనిని కలిసి చేసిన జంటలు ఆ తరువాత తమ బంధాన్ని గురించి మరింత సంతృప్తి చెప్పారు. మామూలు పని చేసిన జంటల్లో ఆ పెరుగుదల కనిపించలేదు. అలవాటు మొద్దుబార్చిన దాన్ని కలిసి చేసే కొత్త పని మేల్కొలుపుతుందన్నమాట.

ఏడు నిమిషాలే అయినా, ఆ ఏడు నిమిషాలు ఇద్దరికీ ఒకేసారి దొరకాలి కదా! 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా జనం రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పనులు చేసే స్త్రీలు వాటిపై రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. తేడా మూడు గంటలకు పైనే. 2024 సర్వేలోనూ ఈ తేడా పెద్దగా తగ్గలేదు. ఒకరు వంటింట్లోనే ఉండిపోయి, మరొకరు ముందే పడుకుంటే ఇద్దరికీ కలిసి తీరిక ఎక్కడి నుండి వస్తుంది? ప్రేమ తగ్గిందని మనం అనుకునే చోట చాలాసార్లు తగ్గింది తీరిక. ఆ తీరికను ఇద్దరూ సమంగా పంచుకోకపోవడమే అసలు చిక్కు.

ఎనిమిదో ఏట పెళ్లి

ఇక దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి దగ్గరకు వద్దాం. ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. కాపురానికి పంపే వయసు వచ్చినప్పుడు ఆమె ఆ పెళ్లి తనకు ఇష్టం లేదని చెప్పి, దాని నుండి బయటకు వచ్చారు. ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించండి! 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. విడుదలయ్యాక వదిలేసిన చదువును పట్టుదలతో కొనసాగించి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు. 1952లో ప్రణాళికా సంఘంలో చేరారు.

రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరుగా పనిచేసిన చింతామణ్ దేశ్‌ముఖ్ అప్పుడు దేశ ఆర్థికమంత్రి. 1953 జనవరి 22న వీరిద్దరూ ఢిల్లీలో వివాహం చేసుకున్నారు. ఆమెకు 43 ఏళ్లు, ఆయనకు 57. ప్రధాని నెహ్రూ సాక్షిగా సంతకం పెట్టారు. ఇద్దరికీ ఇది రెండో వివాహమే.

ఇంతకన్నా తీరిక లేని కాపురం ఉంటుందా! అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, దానికి ఆమె తొలి అధ్యక్షురాలు. ఆయన 1956లో మంత్రిపదవికి రాజీనామా చేసి, విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆయన ఉన్నత విద్య పని చూస్తున్న కాలంలోనే, 1958-59లో, స్త్రీ విద్యపై వేసిన జాతీయ సంఘానికి ఆమె అధ్యక్షత వహించారు. ఆయన 1962 నుండి 1967 వరకు ఢిల్లీ విశ్వవిద్యాలయ ఉపకులపతి. 1962లోనే ఆమె సామాజిక అభివృద్ధి మండలిని స్థాపించారు. తరువాత ఇద్దరూ హైదరాబాదు చేరారు. 1975లో ఇద్దరికీ ఒకేసారి పద్మవిభూషణ్ లభించింది. 1980లో వచ్చిన ఆమె ఆత్మకథకు పెట్టిన పేరు "చింతామణ్ అండ్ ఐ", అంటే "చింతామణ్, నేను" అని.

ఈ వరసను గమనిస్తే ఒక విషయం బోధపడుతుంది. వారికి ఖాళీ సమయం ఎక్కువగా ఉండి ఉండదు. కాని ఒకరి పని మరొకరికి పరాయిది కాలేదు. చదువు, స్త్రీల అభ్యున్నతి, సంస్థల నిర్మాణం వారిద్దరికీ ఉమ్మడి విషయాలు.

చైనా నుండి వచ్చిన ఆలోచన

1953లో దుర్గాబాయి చైనా వెళ్లారు. అక్కడ కుటుంబ తగాదాల కోసం ప్రత్యేకంగా ఉన్న న్యాయస్థానాల తీరును ఆమె పరిశీలించారు. తిరిగి వచ్చాక న్యాయమూర్తులు ఎం.సి. చాగ్లా, పి.బి. గజేంద్రగడ్కర్‌లతోనూ, నెహ్రూతోనూ చర్చించారు. భూమి తగాదానూ, అప్పు తగాదానూ విచారించే పద్ధతిలోనే భార్యాభర్తల తగాదాను విచారిస్తే లాభం లేదన్నది ఈ ఆలోచనకు మూలం. అప్పు తగాదాలో ఒకరు గెలిచి, మరొకరు ఓడిపోయినా లోకానికి నష్టం లేదు. కాపురంలో ఒకరిని ఓడించి మరొకరు గెలిచేదేముంటుంది?

ప్రపంచంలో ఇటువంటి ప్రయత్నాలు అంతకు ముందే ఉన్నాయి. అమెరికాలోని సిన్సినాటిలో 1914లోనే కుటుంబ సంబంధాలకు వేరే కోర్టు ఏర్పడింది. జపాన్‌లో 1949లో కుటుంబ న్యాయస్థానాలు మొదలయ్యాయి. మన దేశంలో మాత్రం చాలా ఆలస్యమైంది. 1974లో లా కమిషన్ తన 59వ నివేదికలో ఈ అవసరాన్ని చెప్పింది. మహిళా సంఘాలు పట్టుబట్టాయి. చివరికి 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది. దుర్గాబాయి 1981 మే 9న కన్నుమూశారు. తాను కోరిన చట్టాన్ని ఆమె చూడలేకపోయారు.

చట్టంలో ఏముంది?

ఈ చట్టం ప్రకారం వీలున్న ప్రతి కేసులోనూ ఇద్దరినీ రాజీకి తీసుకురావడానికి న్యాయమూర్తి ముందుగా ప్రయత్నించాలి. రాజీ కుదిరే అవకాశం కనిపిస్తే విచారణను వాయిదా వేయవచ్చు. ఇద్దరితోనూ మాట్లాడటానికి సలహాదారులు ఉంటారు. ఇంటి గుట్టు వీధిన పడకుండా, కోరితే విచారణను తలుపులు మూసి జరుపుతారు. వకీలును పెట్టుకోవడం ఇక్కడ హక్కుగా లభించదు, కోర్టు అనుమతించాలి. ఎవరి మాట వారే చెప్పుకోవాలన్నది దీని ఉద్దేశం. న్యాయమూర్తుల నియామకంలో స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది.

అనుభవంలో అన్నీ ఇంత సాఫీగా సాగవు. కేసులు ఎక్కువ, న్యాయమూర్తులు తక్కువ. తీరిక లేక దూరమైన జంట సంగతి వినడానికి కోర్టుకూ తీరిక ఉండదు!

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. విడిపోయిన ప్రతి జంటనూ కలిపి తీరాలని ఈ చరిత్ర చెప్పడం లేదు. కుటుంబ న్యాయస్థానం కావాలన్న దుర్గాబాయే ఒక బాల్యవివాహం నుండి బయటకు వచ్చిన మనిషి అని మరచిపోకండి. కొట్టడాన్ని, బెదిరించడాన్ని "సర్దుకుపోవాలి" అనే మాటతో కప్పిపుచ్చకూడదు. అటువంటి స్త్రీల రక్షణకు 2005లో గృహహింస చట్టం వచ్చింది. తీరిక లేక చల్లారిన కాపురం వేరు, భయంతో బిగుసుకుపోయిన కాపురం వేరు. మొదటిదానికి కావలసింది కాలం, మాట. రెండోదానికి కావలసింది రక్షణ. ఏది ఏమిటో ఓపికగా విని తేల్చడమే మంచి సలహాదారు పని.

మీ సంగతి ఏమిటి?

"మేము విద్యార్థులం, ఇదంతా మాకెందుకు?" అని మీరు అడగవచ్చు. మీ అమ్మానాన్నలు రోజంతా కరెంటు బిల్లు, ఫీజులు, కూరగాయలు తప్ప మరో మాట మాట్లాడుకోకపోవడం మీరు చూస్తూనే ఉండవచ్చు. దానికి కారణం మీరేనని బాధపడకండి. వారి మధ్య తీర్పరిగా నిలబడటం కూడా మీ పని కాదు. కాని 299 నిమిషాల్లో కొన్ని నిమిషాలు మీరు తీసుకోగలరు. రాత్రి గిన్నెలు కడగడం, చెల్లెలి చేత హోంవర్కు చేయించడం మీరు చేస్తే, అమ్మానాన్నలు కలిసి వీధి చివరిదాకా నడిచి రావడానికి వీలు చిక్కుతుంది. అబ్బాయిలు ఈ పని ఇప్పుడే నేర్చుకుంటే రేపు వారి కాపురాల్లో లెక్క కొంత సరిపడుతుంది.

ఢిల్లీకి వెళ్లినప్పుడు సాకేత్‌లో మెట్రో రైలెక్కి, ఐ.ఎన్.ఎ. స్టేషనులో గులాబీ రంగు మార్గానికి మారండి. మరి నాలుగు స్టేషన్లు పోతే "దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్" వస్తుంది. 2018లో తెరిచిన స్టేషను అది. రోజూ ఎందరో దంపతులు ఆఫీసులకు పరుగెడుతూ ఆ పేరు కింది నుండి వెళ్తుంటారు. ఆ పేరు గలావిడ ఎవరో, ఆమె వారి కోసం ఏమి కోరారో మీకు ఇప్పుడు తెలుసు. పక్కనున్నవారికి కూడా చెప్పండి.