ఆంగ్లోచ్చారణ బోధన: ప్రమాణ పరిణామం, తెలుగు విద్యార్థి

ఉపోద్ఘాతం

పరభాషా వ్యాకరణాన్ని పుస్తకం చూసి నేర్వవచ్చు. ఉచ్చారణను మాత్రం చెవితో విని నేర్వాలి. తెలుగునాట విశ్వవిద్యాలయ విద్యార్థికి ఆంగ్లం చెవికన్నా ముందు కంటికి పరిచయమైంది. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలో పట్టభద్రులైనవారు ప్రధానంగా రాతపరీక్షల ద్వారానే తమ ఆంగ్ల పాండిత్యాన్ని నిరూపించుకున్నారు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధన మాధ్యమంగా స్వీకరించి, ఆంగ్లాన్ని నిర్బంధ పాఠ్యాంశంగా నిలిపింది. మార్గాలు వేరైనా రెండుచోట్లా ఒక ప్రశ్న మిగిలింది: విద్యార్థి ఎవరి ఉచ్చారణను ఆదర్శంగా గ్రహించాలి? ఈ ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దంలో లభించిన సమాధానాలను, వాటిలో తెలుగు విద్యార్థి స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ప్రమాణం రూపొందిన తీరు

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ధ్వనిశాస్త్ర ఆచార్యుడైన డేనియల్ జోన్స్ 1917లో ఆంగ్ల ఉచ్చారణ నిఘంటువును వెలువరించాడు. దక్షిణ ఇంగ్లండులో పబ్లిక్ స్కూళ్లలో చదివిన కుటుంబాల ఉచ్చారణను అందులో నమోదు చేశాడు. 1926 నాటి ముద్రణలో దానిని ‘రిసీవ్డ్ ప్రొనన్సియేషన్’ అని వ్యవహరించాడు. బ్రిటన్‌లోనే అల్పసంఖ్యాకులకు పరిమితమైన ఈ ఉచ్చారణ వలస దేశాల తరగతి గదుల్లో ‘శుద్ధమైన ఆంగ్లం’గా ప్రతిష్ఠ పొందింది. జోన్స్ చేసింది ప్రధానంగా వర్ణనమే. బోధనలో అది శాసనంగా మారింది.

ఈ ధోరణిని డేవిడ్ అబర్‌క్రోంబీ 1949లో ప్రశ్నించాడు. పరభాషగా ఆంగ్లం నేర్చే అధికసంఖ్యాకులకు స్వభాషీయుని అనుకరణ అనవసరమనీ, వినేవారికి శ్రమ లేకుండా అర్థమైతే చాలుననీ ప్రతిపాదించాడు. ఉచ్చారణ లక్ష్యం అనుకరణ నుంచి సుబోధతకు మళ్లడానికి ఈ ప్రతిపాదన దోహదం చేసింది.

హైదరాబాదు కృషి

1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ ఏర్పడింది. 1972లో విదేశీ భాషలను కూడా చేర్చుకొని పేరు మార్చుకున్న ఈ సంస్థ 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇక్కడి ధ్వనిశాస్త్ర విభాగంలో పనిచేసిన ఆర్.కె. బన్సల్ భారతీయుల ఆంగ్లం ఎంతవరకు సుబోధమన్న విషయంపై లండన్‌లో పరిశోధించాడు. ఆ గ్రంథాన్ని 1969లో ఈ సంస్థ ప్రచురించింది. భారతీయుల ప్రసంగాలను బ్రిటిష్ వారికీ ఇతర దేశీయులకూ వినిపించి, ఏ మాట ఎక్కడ అర్థం కాలేదో ఆయన గుర్తించాడు. అర్థభంగానికి విడి వర్ణాల దోషాలే కాక, పదంలో ఊనిక తప్పుచోట పడటం కూడా ముఖ్య కారణమని ఈ పరిశీలన చూపింది. 1972లో బన్సల్, జె.బి. హారిసన్ కలిసి రచించిన పాఠ్యగ్రంథం భారతీయ విద్యార్థుల అవసరాలనే దృష్టిలో ఉంచుకొన్నది.

తెలుగు ధ్వనివ్యవస్థ ప్రభావం

తెలుగు విద్యార్థి ఉచ్చారణలో కనిపించే భేదాలు అజాగ్రత్త వల్ల కలిగేవి కావు. వాటికి మాతృభాషా నియమాలే మూలం. తెలుగు వ్యవహారంలో పదాది ఎకారం ముందు యకారధ్వని, ఒకారం ముందు వకారధ్వని వినిపిస్తాయి. ‘ఎందుకు’ ‘యెందుకు’ అయినట్లే ‘ఎవ్రీ’ ‘యెవ్రీ’ అవుతుంది. ‘ఒకటి’ ‘వొకటి’ అయినట్లే ‘ఓన్లీ’ ‘వోన్లీ’ అవుతుంది. అజంత స్వభావం వల్ల ‘బస్’ ‘బస్సు’గా, ‘రోడ్’ ‘రోడ్డు’గా మారాయి. ఆంగ్ల దంతమూలీయ ధ్వనుల స్థానంలో మూర్ధన్యాలైన ట, డలు వస్తాయి. ఓష్ఠ్య, దంతోష్ఠ్య వకారాలు రెండూ తెలుగులో ఒకే వర్ణంగా వినిపిస్తాయి.

ఇవన్నీ సమానమైన దోషాలు కావు. ‘బస్సు’ను తెలుగు వాక్యంలో అలాగే పలకడం భాషాధర్మం. ఆంగ్ల వాక్యంలో మూర్ధన్య టకారం విన్నంత మాత్రాన అర్థభంగం కలగడం అరుదు. పదాదిలోని ప, ట, కలను ఆంగ్లేయులు కొంత మహాప్రాణంగా పలుకుతారు. తెలుగువారు అల్పప్రాణంగా పలికినప్పుడు అవి బ, డ, గలుగా వినిపించే అవకాశం ఉంది. అందువల్ల ఈ భేదం సుబోధతకు సంబంధించినది.

లిపి, లయ

‘ఫొటోగ్రాఫ్’, ‘ఫొటోగ్రఫీ’, ‘ఫొటోగ్రాఫిక్’ అనే మూడు మాటలలో ఊనిక వరుసగా మొదటి, రెండవ, మూడవ అక్షరాలపై పడుతుంది. ఊనిక లేని అచ్చులు క్షీణిస్తాయి. తెలుగు లిపిలో ఊనికను గాని, ఆ క్షీణాచ్చును గాని సూచించే సంకేతం లేదు. తెలుగు ఛందస్సులో లయ గురులఘువుల కాలపరిమితిపై నిలుస్తుంది. ఆంగ్ల పద్యంలో పాదగణన ప్రధానంగా ఊనికపై ఆధారపడుతుంది. కనుక ప్రత్యక్షరాన్నీ స్పష్టంగా పలకడం అలవాటైన విద్యార్థి ఆంగ్లాన్నీ అలాగే పలుకుతాడు. తెలుగులో సుగుణమైన స్పష్టత అక్కడ అవరోధమవుతుంది.

లిపి పరిమితిని గుర్తించిన సంప్రదాయం తెలుగునాట లేకపోలేదు. సవరల కోసం కృషి చేసిన గిడుగు రామమూర్తి ఆ భాషపై 1931లో వెలువడిన గ్రంథంలోనూ, 1938 నాటి సవర-ఆంగ్ల నిఘంటువులోనూ ధ్వన్యాత్మక లిపిని ఆశ్రయించాడు. స్థానప్రయత్న వివేచన భారతీయ శిక్షాగ్రంథాలకు కొత్త కాదు. డబ్ల్యు.ఎస్. ఆలెన్ 1953లో ప్రాచీన భారత ధ్వనిశాస్త్రంపై వెలువరించిన గ్రంథం దానిని ఆధునిక పరిభాషలో నిరూపించింది. కంఠ్య తాలవ్యాది విభాగం బాల్యంలోనే వర్ణమాలగా నేర్చిన విద్యార్థికి ఆంగ్ల ధ్వనుల పాఠం పూర్తిగా అపరిచితం కానక్కరలేదు.

ముగింపు

ఇరవై ఒకటో శతాబ్దంలో ఇంజనీరింగ్ పాఠ్యప్రణాళికలలో ఆంగ్ల భాషా ప్రయోగశాలలు చోటు పొందాయి. అచ్చులు, హల్లులు, ఊనిక, స్వరగతి అభ్యాసాంశాలయ్యాయి. అయితే సుబోధత లక్ష్యమని సిద్ధాంతం చెప్పినా, అనుకరణే ప్రమాణంగా మిగిలితే తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి మూర్ధన్య టకారం పలికిన ప్రతిసారీ తన ఊరిని తప్పుగా భావించవలసి వస్తుంది. ఆ సంకోచం అతనిని మౌనిని చేస్తుంది. మౌనికి ఉచ్చారణాభ్యాసం అసాధ్యం. అర్థాన్ని చెరిపే భేదమేదో, కేవలం ప్రాంతాన్ని తెలిపే భేదమేదో వేరుచేసి చూపడమే బోధకుని తొలి బాధ్యత. ఆ వివేచనకు ఆంగ్ల ధ్వనిశాస్త్రం ఎంత అవసరమో తెలుగు ధ్వనిశాస్త్రం అంతే అవసరం. కాబట్టి ఈ బాధ్యతలో తెలుగు శాఖలకూ న్యాయమైన భాగం ఉన్నది.