పాటకు వెనక నిలిచిన చెవి

1953 నాటి ‘దేవదాసు’లో దేవదాసుకు తాగుడు అలవాటు చేసే స్నేహితుడు భగవాన్‌గా నటించినవారు పేకేటి శివరాం. అందులో దేవదాసుగా నటించిన నాగేశ్వరరావుకు పాడింది ఘంటసాల. ఆ ఘంటసాల గొంతును మొదటిసారి గ్రామఫోను రికార్డుకు ఎక్కించిన ఘనత కూడా పేకేటిదే. నటుడిగా పేరు రాకముందు ఆయన మద్రాసులో హెచ్.ఎం.వి. రికార్డుల కంపెనీలో పనిచేశారు. మైకుకు పనికిరాదని అంతకుముందు తిప్పి పంపిన గొంతునే ఆయన పిలిచి పాడించారని చెబుతారు. మ్యూజిక్ ప్రొడ్యూసర్ చేసే పని సరిగ్గా ఇదే. పాట రాయకపోవచ్చు, పాడకపోవచ్చు. ఎవరు పాడాలో, ఏది పాడాలో, పాడినదాంట్లో ఏది ఉంచాలో తేల్చేది మాత్రం ఆయనే.

మన దేశంలో ఈ పని 1902లో మొదలైంది. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ చేత పాడించాడు. గాయకులను వెతకడం, ఒప్పించడం, యంత్రం నడపడం అన్నీ ఆయన చేతుల్లోనే ఉండేవి. రికార్డుల అచ్చు జర్మనీలోని హానోవర్‌లో జరిగేది. అక్కడివారు పోల్చుకోవడానికి పాట చివర గాయని తన పేరు తానే చెప్పేది.

తెలుగువారి విషయంలో రసవత్తరమైన కాలం పద్యనాటకాల రికార్డులది. రంగస్థలం మీద పద్యానికి గడియారం ఉండదు. నటుడు రాగం తీస్తూ పోతాడు, జనం ‘వన్స్ మోర్’ అంటే మళ్లీ ఎత్తుకుంటాడు. 78 ఆర్.పి.ఎం. రికార్డు ఒక వైపు పట్టేది దాదాపు మూడు నిమిషాలే. ఆ కొలతలో పద్యాన్ని ఇమిడ్చే భారం కంపెనీ మనిషిది. ఆలాపన ఎక్కడ ఆపాలి, హార్మోనియం మైకుకు ఎంత దూరంలో ఉండాలి, తబలా ఎక్కడ కూర్చోవాలి? అన్నిటికీ ముందే సమాధానం ఉండాలి. మైనపు పలక మీద చెక్కే రోజుల్లో దిద్దుబాటు లేదు. చివరి పాదంలో గొంతు జారినా మొదటి నుంచి పాడాల్సిందే. ఈ క్రమశిక్షణ వల్ల పద్యం ఊరూరికీ చేరింది. అయితే తెల్లవార్లూ సాగిన ఆ రాగాల విస్తారం రికార్డులోకి రానే లేదు. నాటి గొప్ప నటుల గానంగా నేడు మనకు మిగిలింది మూడేసి నిమిషాల ముక్కలే. అది తీరని నష్టం.

సినిమాకు బయట ప్రైవేటు రికార్డుల్లో ఈ ప్రొడ్యూసర్ పాత్ర ఎక్కువ కాలం నిలిచింది. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో ఇంటింటా వినిపించిందంటే, సినిమా కథతో పనిలేని పద్యానికి కూడా వినేవారున్నారని నమ్మిన కంపెనీ మనుషుల చలవ అందులో ఉంది. అలాంటి రికార్డే అయిన ఘంటసాల భగవద్గీత ఆయన పోయాక 1974లో విడుదలైంది. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. సంస్థలో ఇదే పని చేసిన జార్జ్ మార్టిన్ బీటిల్స్ పాటల నిర్మాతగా లోకప్రసిద్ధుడయ్యాడు. అదే ఇ.ఎం.ఐ. కుటుంబానికి చెందిన మద్రాసు హెచ్.ఎం.వి.లో కూర్చుని తెలుగు గొంతులను ఎంచినవారిని తలచుకునేవారే తక్కువ. లేబుల్ మీద గాయకుడి పేరుతో పాటు వారి పేరు కూడా వేయవలసింది.

సినిమాలో ఈ పని ముక్కలైంది. బాణీ, ఎంపిక సంగీత దర్శకుడికి, వాద్యబృందం సహాయకుడికి, మైకులు సౌండ్ ఇంజనీరుకు పోయాయి. ఘంటసాలకు సహాయకుడిగా చాలాకాలం నిలిచిన పట్రాయని సంగీతరావు ఆయన గురువుగారి కుమారుడే. రేడియోలో మాత్రం ప్రయోక్త (ప్రొడ్యూసర్) అనే ఉద్యోగమే ఉండేది. రంగస్థల నటుడు స్థానం నరసింహారావు హైదరాబాద్ ఆకాశవాణిలో నాటక ప్రయోక్తగా పనిచేశారు.

1970ల్లో చిత్ర పరిశ్రమ హైదరాబాద్ వైపు కదిలింది. నేటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని నాచారంలో ఎన్.టి. రామారావు రామకృష్ణ స్టూడియోస్ కట్టారు. షూటింగులు వచ్చినా పాటల రికార్డింగు చాలాకాలం మద్రాసును వదల్లేదు. వయొలిన్ల బృందాలు, అనుభవమున్న ఇంజనీర్లు అక్కడే ఉండిపోవడం దానికి కారణం.

ఆ ముడిని కంప్యూటర్ విప్పింది. ఇప్పుడు మేడ్చల్, శామీర్‌పేట వైపు ఒక జానపద గాయని బతుకమ్మ పాట రికార్డు చేయించుకోవాలంటే మంచి మైకు, కంప్యూటర్, చప్పుడు లేని గది ఉంటే చాలు. డప్పు ట్రాక్ వేయడం, గొంతు పట్టడం, మిక్సింగ్, మాస్టరింగ్ ఒక్కరే చేయగలరు. గైస్‌బర్గ్ నాటిలా పనులన్నీ మళ్లీ ఒకే మనిషి దగ్గరికి చేరాయి. తేడా ఒక్కటే: టేకులు ఎన్నైనా తీసుకోవచ్చు, ఏది ఉంచాలో తేల్చడం మాత్రం ఇప్పుడూ ఆ మనిషి చెవి పనే.